నర్సిములు చేతులు ఏమన్నాయో

బయలుదేరే ముందు

సిద్దిపేటకు జన్మలో వెళ్లననుకున్నాను. మా చెల్లెలు భానుమతి అక్కడి ప్రైవేటు బడిలో టీచరుగా చేరి, బడి పిల్లల యూనిఫారాలు కుట్టే దర్జీ నర్సిములును పెళ్లి చేసుకుంది. మా వైపు అయితే ఇంటికి వచ్చి, బొట్టు పెట్టి పిలుస్తారు. నాకు శుభలేఖ పోస్టులో వచ్చింది, అదీ పెళ్లి అయిపోయాక. కవరు మీద నా ఇంటిపేరు తప్పు. పదిహేనేళ్లు దాటినా నేను మరిచిపోలేదు.

నర్సిములుకు పుట్టినప్పటి నుంచి వినపడదు, మాట రాదు. చదువు కూడా లేదు. ఆ సంగతి తెలిసినప్పుడు నేను ఫోన్లో ఒకటే అడిగాను, "అతనితో ఏం మాట్లాడతావే?" అని. "నీతో కంటే ఎక్కువే మాట్లాడతాను" అంది. ఆ మాట కూడా మరిచిపోలేదు.

నేను వెళ్లడానికి కొద్ది నెలల ముందు భానుకి తల వెనక భాగంలో నెత్తురు గడ్డకట్టిందని, హైదరాబాదు తీసుకెళ్తే ప్రాణం దక్కిందని, చూపు మాత్రం తేడాగా ఉందని వాళ్ల పక్కింటి షహనాజ్ ఫోన్ చేసి చెప్పింది. సొంత అక్కకు పక్కింటివాళ్లు చెప్పాల్సి వచ్చింది. అయినా వెళ్లి చెల్లెల్ని రేపల్లె తీసుకొచ్చేద్దామని నిశ్చయించుకున్నాను. తెలంగాణ రాష్ట్రం కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు లేవు. ఇప్పుడు వెళ్లొద్దని ఇంట్లో ప్రతి ఒక్కరూ చెప్పారు. అందుకే వెళ్లాను.

గజ్వేల్ దాటాక, రోడ్డు మీద భోజనం

సికింద్రాబాదులో రైలు దిగి సిద్దిపేట జీపు ఎక్కాను. బస్సు చార్జీకి రెట్టింపు అడిగాడు డ్రైవరు. ఇదేం అన్యాయమంటే, "సమ్మెలున్నం గద అమ్మా" అన్నాడు, సమ్మె చేస్తున్నది జీపులు కాదన్న సంగతి తనకు తెలియనట్టు. కాసేపటికి అద్దంలో చూస్తూ, "ఏ ఊరమ్మా మనది?" అన్నాడు.

"రేపల్లె."

"గంత దూరం నుంచి గిప్పుడే రావాల్నా?"

మిగతా ప్రయాణికులు నవ్వారు. నేను నవ్వలేదు.

గజ్వేల్ దాటాక రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి అన్నం వండుతున్నారు. దాన్ని వంటావార్పు అంటారట. మా వైపు నిరసన అంటే జెండా పట్టుకుని ఎండలో నిలబడడమే. ఇక్కడ ఆడవాళ్లు హైవే మీద చాపలేసుకుని ఉల్లిపాయలు కోస్తున్నారు, ఒకాయన డప్పు కొడుతున్నాడు, పిల్లలు ఆగిపోయిన లారీల కింద నీడలో పడుకున్నారు. జీపు దిగి నిలబడిన నన్ను చూసి, వడ్డిస్తున్న ఆవిడ విస్తరాకు చేతిలో పెట్టింది. నేను తినను అన్నాను.

"తినకుంటే జీపు కదలది" అంది ఆమె.

"ఆంధ్రామె అటనే" అన్నారు వెనక నుంచి ఎవరో.

"అయితే రెండు గంటెలు ఎక్కువెయ్యాలె. ఇంటికివొయ్యి చెప్పుకుంటది."

అన్నం, వంకాయ కూర, పచ్చిపులుసు. చింతపండు రసంలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి పిసికి, పొయ్యి ఎక్కించకుండానే పోసేస్తారు. మా ఇంట్లో పులుసు కాగకుండా వడ్డిస్తే ఆ పూట గొడవే. తాగిచూస్తే నోటికి హాయిగా ఉంది కానీ ఉప్పు తక్కువైంది. ఆ మాటే చెప్పాను.

"రాష్ట్రమొచ్చినంక ఏస్తం" అంది ఆవిడ, గంటె తిప్పుతూ.

ఎంతసేపు ఆగామో గాని, ఈలోగా జీపు వెనక సీట్లో నా సంచి మీద ఎవరో కూర్చున్నారు. లోపల గోంగూర పచ్చడి సీసా మూత ఊడింది. సంచి పిడి కూడా సగం తెగింది. ఎవరు కూర్చున్నారని అడిగితే ఒక్కరూ ఒప్పుకోలేదు.

గుమ్మం దగ్గర

భాను వాళ్లది సన్నటి గల్లీలో రెండు గదుల ఇల్లు. ముందు గదిలో నర్సిములు కుట్టుమిషను, వెనక కాపురం. గుమ్మం పక్కన అరుగు మీద భాను కూర్చుని ఉంది. నేను గల్లీ మొదట్లో నుంచే చెయ్యి ఊపాను. నావైపే చూస్తోంది గాని లేవలేదు. దగ్గరికి వెళ్లేసరికి ఒక్కసారి ఉలిక్కిపడి గోడకు అతుక్కుపోయింది.

"అక్కను చూస్తే భయమా? రెండడుగులు ఎదురు రావడానికి కూడా లేదా?" అన్నాను.

"నువ్వేనా అక్కా? గా కరెంటు స్తంభం కాడ ఎవరో ఉండె. మళ్ల చూసేటాలకు నా మీదనే ఉన్నవ్. నడుమ నడిచొచ్చినట్టే కనవడలే" అంది.

పదిహేనేళ్లలో దాని భాష కూడా మారిపోయింది. అది నాకు గుచ్చుకుంది.

లోపలికి తీసుకెళ్లి టీ పెట్టింది. గిన్నె వంచి గ్లాసులో పోయకుండా, గంటెతో తీసి కొంచెం కొంచెం పోసింది. ఇంత దూరం నుంచి వచ్చిన మనిషికి మందు కొలిచినట్టు టీ కొలవడమేమిటనుకున్నాను. నా ముఖం చూసి ఉంటుంది.

"వంచి పోస్తే ధార గాజు కడ్డీ లెక్క నిలవడుతదక్కా. గ్లాసుల పైకొస్తున్నది తెల్వది. పొంగి కాళ్ల మీద పడ్డంక తెలుస్తది" అంది. పాదం మీద కాలిన మచ్చలు చూపించింది.

నర్సిములు లోపలికి వచ్చి నాకు దండం పెట్టాడు. సన్నగా, మెడలో టేపు వేసుకుని, నలభై దాటిన మనిషి. పచ్చడి మరకల సంచి నా చేతిలోంచి తీసుకుని వెళ్లిపోయాడు. సాయంత్రానికి సంచి ఉతికి ఆరేసి ఉంది, తెగిన పిడి కుట్టేసి ఉంది. నన్ను ఒక్క మాట అడగాల్సింది, అడగలేదు. కుట్టు మాత్రం గట్టిగా ఉంది.

డాక్టరు కిటికీ

కళ్లజోడు మారిస్తే పోయేదాన్ని వీళ్లు నిర్లక్ష్యం చేస్తున్నారేమోనని నాకు అనుమానం. మర్నాడు భానును వెంటబెట్టుకుని, ఆమెను మొదటి నుంచి చూస్తున్న డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన మమ్మల్ని చాలాసేపు కూర్చోబెట్టాడు. నేను ఏమవుతానో రెండుసార్లు అడిగాడు, రెండుసార్లూ వినలేదు. కాని నేను అడిగినదానికి మాత్రం ఓపిగ్గా జవాబు చెప్పాడు.

కిటికీలోంచి కింద రోడ్డు కనిపిస్తోంది. చౌరస్తాలో దీక్షా శిబిరం, దాని మీద జెండా.

"అమ్మా, గా జెండా ఏం రంగు?" అని భానును అడిగాడు.

"గులాబి."

"ఎంత దూరంల ఉంది?"

"సోడా బండి ఎనుక, చెట్టుకు ముంగట."

"ఊగుతుందా?"

భాను చాలాసేపు చూసింది. బయట గాలికి జెండా టపటపా కొట్టుకుంటోంది. "లేదు సార్. ఒకసారి ఇటు దిక్కుంది, ఒకసారి అటు దిక్కుంది. ఊగుతలేదు."

డాక్టరు నావైపు తిరిగాడు. "మనం చూపు ఒక్కటే అనుకుంటమమ్మా. లోపల గట్ల కాదు. కన్ను పంపినదాన్ని మెదడు పంచుకొని చూస్తది. రంగును ఒక దిక్కు చూస్తది, కదిలేదాన్ని ఇంకో దిక్కు, ఎంత దూరంల ఉందన్నది మరో దిక్కు. దేని దారి దానిదే. అన్ని ఒక్కపారే అందుతయి గనుక మనకు ఒక్క బొమ్మ అనిపిస్తది. ఈమెకు కండ్లు మంచిగున్నయి. రంగు మంచిగుంది, దూరం మంచిగుంది. కదలికను చూసే జాగ రెండు పక్కల దెబ్బతిన్నది. గా ఒక్క దారి బందైంది."

"మిగిలిన దారుల్లోంచి పంపించడానికి లేదా?" అని అడిగాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

"రంగు దారిల రంగే పోతదమ్మా."

"నయమవుతుందా?"

"పెద్దగ ఆశ పెట్టుకోకున్రి. చాన మెల్లగ కదిలేది కొంచెం దొరుకుతది. దాన్ని పట్టుకొని బతకాలె."

భాను ఈ మాటలు ముందే విన్నట్టుంది. కిటికీ దగ్గర నిలబడి జెండానే చూస్తోంది.

బస్సులు లేని రోడ్డు

తిరిగి వస్తుంటే భాను నా చెయ్యి వదిలేసి, రోడ్డు మధ్యలో నిటారుగా నడిచింది. దుకాణాల షట్టర్లు దించి ఉన్నాయి. ఒక తోపుడు బండి మీద ఉడికించిన మొక్కజొన్న కంకులు అమ్ముతున్నారు. మా వైపు కాల్చి నిమ్మకాయ రుద్దుతారు. ఒకటి పది రూపాయలన్నాడు, రెండు తీసుకుని పదిహేను ఇచ్చాను.

"సమ్మె ఎన్నడు ఐపోతదా అని ఊరంత చూస్తున్నది" అంది భాను కంకి ఒలుస్తూ. "నాకు మాత్రం ఐపోతదని రంది. బస్సులు బందైనంకనే నేను గడప దాటిన. బండి దూరంగుందని అడుగేస్తే, మళ్ల చూసేటాలకు ఒంటి మీదనే ఉంటది."

అంతలో వెనక నుంచి నినాదాలు వినిపించాయి. ఊరేగింపు వస్తోంది. భాను కాళ్లు అక్కడికక్కడే ఆగిపోయాయి. కళ్లు మూసుకుని నా భుజం పట్టుకుంది. జనం మమ్మల్ని దాటుకుని పోతున్నారు, చంటిపిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్లు, లాయర్లు, రిక్షావాళ్లు. ఒక ముసలాయన భానును చూసి, "కండ్లు తెరువు బిడ్డా, తెలంగాణ వస్తున్నది" అన్నాడు సరదాగా.

"ఇనవడ్తుంది తాతా" అంది భాను, కళ్లు తెరవకుండానే.

కుట్టుమిషను గదిలో

మూడో రోజు నేను ముందు గదిలోనే కూర్చున్నాను. నర్సిములుకు చేతినిండా పని, గులాబి బట్టతో జెండాలు కుడుతున్నాడు. భాను పక్కన కూర్చుని దారాలు రంగు చూసి ఏరి ఇస్తోంది. సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించింది. నేను రెండుసార్లు ప్రయత్నించి కూడా ఎక్కించలేకపోయాను. సూది కన్ను ఎంత దూరంలో ఉందో దానికి అంత బాగా తెలుస్తోంది, మిషను తొక్కితే ఆడుతున్న సూది మాత్రం తెలియడం లేదు.

గుండీలు కుట్టడానికి పక్కింటి షహనాజ్ వచ్చింది. లావుపాటి మనిషి. ఇంట్లో దక్కనీ ఉర్దూ, గల్లీలో తెలుగు మాట్లాడుతుంది.

"అక్కా, పహలే వీళ్లిద్దరు ఎట్ల కొట్లాడుతుండె ఎరికేనా?" అంది నాతో. "నోరు లేదు గని గల్లీ మొత్తానికి ఇనవడ్తుండె. ఆయన బల్ల గుద్దుడు, ఈమె గిన్నెలు ఎత్తేసుడు. మా ఆయన అంటుండె, నోరున్న మనం గింత మాట్లాడుతలేమని."

వాళ్లు మాట్లాడుకునే సైగలు ఏ బడిలోనూ నేర్పేవి కావు. వాళ్లిద్దరూ కలిసి కట్టుకున్న భాష అది. షహనాజ్‌కు అందులో నాలుగైదు మాటలే వచ్చు. తిండి, నీళ్లు, డబ్బులు, ఇంటాయన. నాకు కూడా అందులో ఒక పేరుందని చెప్పింది. ఏమిటో చూపించమంటే ముందు జంకింది, తర్వాత రెండు వేళ్లతో కనుబొమలు దగ్గరికి లాగి చూపించింది. పెళ్లినాటి నుంచీ నేను ఆ ఇంట్లో ముడిపడ్డ కనుబొమలన్నమాట. నన్ను ఎన్నడూ చూడని మనిషికి ఆ సంగతి ఎవరు చెప్పారో అడగనవసరం లేదు.

మధ్యాహ్నం ఒక నాయకుడి మనిషి వచ్చి, జెండాలు త్వరగా కావాలని చేతులు తిప్పుతూ, పొట్ట ముందుకేసి అరిచి పోయాడు. అతను మలుపు తిరగ్గానే నర్సిములు లేచాడు. పొట్ట ముందుకేసి, లేని ఫోను చెవి దగ్గర పెట్టుకుని, లేని చొక్కా మడతలు సవరించుకుంటూ గదిలో అటూ ఇటూ నడిచాడు. షహనాజ్ గుండీల డబ్బా ఒలకబోసుకుని నవ్వింది. నాకు కూడా నవ్వు ఆగలేదు. మా నవ్వు విన్నాక భాను నవ్వింది. నర్సిములు దాని ముఖమే చూస్తున్నాడు. లేని ఫోను పట్టుకున్న చెయ్యి మెల్లగా దించేసి మిషను ముందు కూర్చున్నాడు.

షహనాజ్ వెళ్లాక అడిగాను. "నీకు ఏం కనిపించింది?"

"ఆయన నిలవడ్డడు. మళ్ల చెయ్యి చెవి కాడుండె. మళ్ల గోడ కాడ ఉండె. ఫోటోలు కిందేస్తె చెల్లాచెదరైతయి సూడు, గట్ల." చేతిలో దారపు ఉండ పక్కన పెట్టి అంది, "నేను చెప్పేది ఆయనకు అర్థమైతది. ఆయన చెప్పేదే నాకందది. మెల్లగ, చాన మెల్లగ చేతులు తిప్పితే దొరుకుతది. తిన్నవా, గోలి ఏసుకున్నవా, పండుకున్నవా. గంత వరకే. గట్ల మెల్లగ ఎంతసేపు చెప్తడు? జోకు మెల్లగ చెప్తే ఏముంటది? కొట్లాట మెల్లగ ఎట్లైతదక్కా? దవాఖాన నుంచి వచ్చినప్పటి సంది మేం ఒక్కసారి కూడ కొట్లాడలే."

నాకు తెలిసిన మొగుడూ పెళ్లాల్లో కొట్లాట పోయిందని ఏడ్చిన మనిషి అదొక్కతే.

జీపు గుమ్మం ముందు ఆగాక

ఆ రాత్రి భోజనాల దగ్గర నేను వచ్చిన పని చెప్పాను. మా ఇంట్లో అందరం నోటితో మాట్లాడేవాళ్లమే, అక్కడుంటే మాటలైనా చెవిన పడతాయి, కొన్నాళ్లు వచ్చి ఉండు అన్నాను. భాను కాదనలేదు. పొద్దున్నే చీరలు సర్దుకుంది. జీపు గుమ్మం ముందు ఆగాక నర్సిములు దగ్గరికి వెళ్లి, చేతులతో చెప్పింది. నేను వాకిట్లో నిలబడి చూస్తున్నాను.

అతను కత్తెర కింద పెట్టాడు. తర్వాత ఒక్కసారిగా అతని చేతులు లేచాయి. అంత వేగంగా చేతులు మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. భుజాలు, ముఖం, వేళ్లు అన్నీ ఒకేసారి కదిలాయి. గొంతులోంచి చిన్న శబ్దం కూడా వచ్చింది. మెల్లగా చెప్పాలన్న సంగతి ఆ క్షణంలో మరిచిపోయాడు. ఎవరైనా మరిచిపోతారు. అయిపోయాక చేతులు రెండూ ఒళ్లో పడేసుకుని, జవాబు కోసం దాని ముఖంలోకి చూశాడు.

భాను నావైపు తిరిగింది. "ఏమన్నడక్కా?"

"నాకేం తెలుసే? నాకు మీ భాష రాదు కదా."

"చేతులు తిరిగింది చూసినవ్ గద. నువ్వు మెల్లగ చేసి చూపు. నాకర్థమైతది."

నేను సంచి కింద పెట్టాను. ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాను. అది మొదట కాదేమో. రెండు వేళ్లు దగ్గరికి తెచ్చాను, అవి పైకి వెళ్లాయో పక్కకు వెళ్లాయో గుర్తుకు రాలేదు. గుమ్మం వైపు చూపించిన వేలు ఎప్పుడు వచ్చింది? మళ్లీ మొదలుపెట్టాను. నన్ను ఎవరు ఏమన్నా తేదీతో సహా చెప్పగలదాన్ని, అప్పుడే నా కళ్లెదురుగా జరిగినదాన్ని తిరిగి చెయ్యలేకపోయాను. నర్సిములు నా చేతులనే చూస్తున్నాడు. నేను తప్పు చేసిన చోటల్లా అతని ముఖం తెలియజేస్తూనే ఉంది. సరిదిద్దడానికి మాత్రం చెయ్యి ఎత్తలేదు.

"ఊకో అక్కా" అంది భాను. అతని ముందు నేల మీద కూర్చుని, మళ్లీ చెప్పమని సైగ చేసింది. మెల్లగా అని కూడా చేసింది. అతను చాలాసేపు ఆలోచించాడు. తర్వాత ఖాళీ అరచెయ్యిని పైకి తిప్పి చూపించాడు, ఎంతో నెమ్మదిగా, దానికి దొరికేంత నెమ్మదిగా. అది నాకు కూడా అర్థమైంది. ఏం లేదు.

బయట డ్రైవరు హారను కొడుతున్నాడు.

"నాకు ముక్కలు కనవడ్డయి" అంది భాను, నాతోనో తనతోనో. "ఒకసారి చెయ్యి గుండె మీదుండె. ఒకసారి వేలు తలుపు దిక్కుండె. ఒకసారి కండ్లు మూసుకోని ఉండె. ముందేదో ఎనుకేదో తెల్వది. పో అన్నడో, పోతే నేనెట్ల బతకాలె అన్నడో."

"దారిలో ఆలోచిద్దువు గాని, లే" అన్నాను.

"గది తెల్వకుంట ఎట్ల రావాలె?"

సర్దిన సంచి తనే లోపలికి తీసుకెళ్లింది. అంత దూరం నుంచి వెళ్లిన నన్ను జీపు ఎక్కించి సాగనంపింది షహనాజ్.

రేపల్లె వచ్చాక

సమ్మె ముగిసింది. బస్సులు తిరుగుతున్నాయి. భాను ఇప్పుడు గడప దాటడం లేదని షహనాజ్ చెప్పింది. నేను వారానికొకసారి ఫోన్ చేస్తున్నాను. అది తనంతట తాను చెయ్యదు.

నిన్న అడిగాను, "చెప్పాడా?" అని.

"రోజు అడుగుతున్న. ఏం లేదంటుండు."

"అయితే ఏదో మంచి మాటే అయి ఉంటుందిలే" అన్నాను.

అవతల మిషను చప్పుడు వినిపిస్తోంది. అది ఆగి, మళ్లీ మొదలైంది.

"మంచిదైతే మళ్ల చెప్పనీకి ఏమైతదక్కా?" అంది భాను.